విండోస్ తీశాం, వైఫై పోయింది: ఇంటి కంప్యూటర్ మార్చుకునేటప్పుడు వచ్చే హార్డ్‌వేర్ చిక్కులు

(మా ఊరి గ్రంథాలయం హాల్లో ఒక ఆదివారం జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం తప్ప మాటలు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఫ్యాన్ల చప్పుడుకి వినపడకపోతే చెయ్యెత్తండి, ఇంకాస్త గట్టిగా మాట్లాడతాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. విండోస్ గొప్పదా, దాని బదులు ఉచితంగా వేసుకునే లైనక్స్ గొప్పదా అని తేల్చడానికి నేను రాలేదు. నేను కంప్యూటర్లు రిపేర్ చేసుకుని బతికేవాడిని. నా షాపుకి వచ్చి "నా ఆపరేటింగ్ సిస్టమ్ బాగోలేదండీ" అన్నవాళ్ళు లేరు. "వైఫై రావట్లేదండీ" అంటారు. "ప్రింటర్ కదలట్లేదండీ" అంటారు. "మూత వేసి తెరిస్తే స్క్రీన్ నల్లగా ఉండిపోయిందండీ" అంటారు. ఇవాళ మాట్లాడేది వాటి గురించే.

ఈ గొడవ ఇప్పుడే ఎందుకు వచ్చింది? 2015లో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న సపోర్ట్ ఆపేసింది. కావాలంటే పేరు నమోదు చేసుకోండి, ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 దాకా, సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తాం అంది. సరే, విండోస్ 11 వేసుకుందాం అంటే వేయనివ్వదు. టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలంటుంది, నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే మెషిన్ మొదలయ్యేలా చూసే సెక్యూర్ బూట్ కావాలంటుంది. అవి ఉన్నా ప్రాసెసర్ జాబితాలో లేకపోతే కుదరదంటుంది. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే. మన ఇళ్ళలో ఉన్నవి ఏమిటి? నాలుగో తరం ఐ3, ఆరో తరం ఐ5. ఆఫీసులు తీసేసిన డెల్‌లు, హెచ్‌పీలు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవి. కొందరు ఎక్కడో చదివి, బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే మెషిన్ సెట్టింగ్స్‌లోకి, వెళ్ళి టీపీఎమ్ ఆన్ చేసుకుని వస్తారు. "ఆన్ చేశానండీ, అయినా ఒప్పుకోవట్లేదు" అంటారు. ఒప్పుకోదు. అడ్డం పడుతున్నది టీపీఎమ్ కాదు, ప్రాసెసర్ తరం.

మెషిన్ నిక్షేపంగా ఉంది, పారేయడానికి మనసు రాదు. అప్పుడు ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లాడు ఉంటాడు కదా, "లైనక్స్ మింట్ వేసేద్దాం బాబాయ్" అంటాడు. వాడు చెప్పింది తప్పు కాదు. వేయడానికి అరగంట కూడా పట్టదు. వేసి, చూపించి, వాడు హాస్టల్‌కి వెళ్ళిపోతాడు. అసలు కథ ఆ మర్నాడు మొదలవుతుంది.

సగం వస్తువులు

ఒక ప్రశ్న వేస్తాను. లైనక్స్ వేసిన రోజున మౌస్ పనిచేస్తుంది. కీబోర్డ్ పనిచేస్తుంది. పెన్‌డ్రైవ్ పెడితే తెరుచుకుంటుంది. వెబ్‌క్యామ్ కూడా చాలా వరకు దానంతటదే వచ్చేస్తుంది. మరి ప్రింటర్ ఎందుకు రాదు? ప్రింటర్ వెబ్‌క్యామ్ కంటే పాత వస్తువు కదా! పాతదానికి కష్టం, కొత్తదానికి సులువు... ఎందుకలా?

నా లెక్కలో సామాన్లు రెండు రకాలు. తన పని తానే చేసుకునేవి ఒకటి. సగం పని తను చేసి, మిగతా సగం కంప్యూటర్ నెత్తిన పెట్టేవి రెండోది. యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌లకి అన్ని కంపెనీలూ ఒప్పుకున్న ఒక పద్ధతి ఉంది, యూవీసీ అంటారు. మౌస్‌కి, కీబోర్డ్‌కి, పెన్‌డ్రైవ్‌కి కూడా అలాంటివే ఉన్నాయి. ఏ కంపెనీ చేసినా ఒకే భాషలో మాట్లాడుతుంది కాబట్టి ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌కైనా అర్థమవుతుంది.

రెండో రకం చౌకది. వస్తువులో పెట్టాల్సిన చిప్పులు తగ్గించి, ఆ పని విండోస్ డ్రైవర్‌లో, అంటే ఆ వస్తువుతో కంప్యూటర్ మాట్లాడటానికి వాడే ప్రోగ్రామ్‌లో, పెట్టేస్తారు. మీరు షాపులో కొన్నది సగం వస్తువు. మిగతా సగం ఆ డ్రైవర్ సీడీలో ఉంది. విండోస్ ఉన్నన్నాళ్ళూ రెండు సగాలూ కలిసే ఉన్నాయి, మీకు తేడా తెలియలేదు. విండోస్ తీసేశారు, సగం వస్తువు పోయింది.

ఇది కొత్త జబ్బు కాదండీ. డయలప్ రోజులు గుర్తున్నవాళ్ళు ఇక్కడ ఉన్నారా? ఆ... ఉన్నారు, ఉన్నారు. వీఎస్ఎన్ఎల్ మన దేశంలో 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ మొదలుపెట్టింది. మోడెమ్ కుయ్‌మని అరిచేది, ఇంట్లో ఫోన్ ఎత్తితే కనెక్షన్ తెగేది. అప్పుడు బయట పెట్టే మోడెమ్‌లు ఖరీదు. కంప్యూటర్ లోపల బిగించే కార్డులు చౌక. ఆ చౌకవాటిలో చాలా వాటిని విన్‌మోడెమ్ అనేవాళ్ళు. ఫోన్ లైన్ మీద వచ్చే శబ్దాన్ని అంకెలుగా మార్చే పని మోడెమ్ చేయదు, మీ ప్రాసెసర్ చేస్తుంది, విండోస్ డ్రైవర్ చేయిస్తుంది. ఆ రోజుల్లో లైనక్స్ వేసుకున్నవాళ్ళని అడగండి, వాళ్ళ తలనొప్పిలో సగం ఈ మోడెమ్‌లే. ఇప్పుడు మోడెమ్‌లు పోయాయి. ఆ అలవాటు మాత్రం పోలేదు, వైఫై చిప్పుల్లోకి, ప్రింటర్లలోకి, వేలిముద్ర సెన్సర్లలోకి వచ్చి కూర్చుంది.

ఈ ఒక్కటి పట్టుకుంటే నేను ఇకముందు చెప్పేదంతా సులువుగా ఎక్కుతుంది. ఏదైనా పనిచేయకపోతే లైనక్స్‌ని తిట్టుకునే ముందు అడగండి: నా దగ్గర ఉన్నది పూర్తి వస్తువా, సగం వస్తువా? ఆ మిగతా సగం లైనక్స్‌కి ఎవరైనా రాసిపెట్టారా?

వైఫై

ఎక్కువమంది మొదటిరోజే చిక్కుకునేది ఇక్కడ. చిక్కు ఎలాంటిదో చూడండి. వైఫై డ్రైవర్ లేదు. డ్రైవర్ కావాలంటే ఇంటర్నెట్ నుంచి దింపుకోవాలి. ఇంటర్నెట్ కావాలంటే వైఫై రావాలి. ఎక్కడ మొదలుపెడతారు?

బ్రాడ్‌కామ్ చిప్పులున్న పాత ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలు. ఆ చిప్పుల్లో కొన్నింటికి కంపెనీ ఇచ్చిన మూసిన డ్రైవర్, అంటే లోపల రాసింది (సోర్సు) చూపించని డ్రైవర్, తప్ప గతి లేదు. దాన్ని లైనక్స్‌తో పాటు కలిపి ఇవ్వడానికి చాలా పంపిణీలు, అంటే లైనక్స్ రకాలు, ఒప్పుకోవు, విడిగా వేసుకోమంటాయి. డెబియన్ అనే పంపిణీ అయితే ఇంకా పట్టుదల మనిషి. చిప్పు లోపలికి ఎక్కించే ఫర్మ్‌వేర్ ఉంటుంది కదా, దాని సోర్సు ఇవ్వకపోతే తమ అసలు ఇన్‌స్టాలర్‌లో దానికి చోటే లేదనేవాళ్ళు. 2022లో ఓటింగ్ పెట్టుకుని మనసు మార్చుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫర్మ్‌వేర్ కూడా కలిపే ఇస్తున్నారు. మంచి పని చేశారు, నన్నడిగితే. సిద్ధాంతం మంచిదే, కానీ ఇన్‌స్టాల్ చేసే మనిషికి ముందు ఇంటర్నెట్ రావాలి కదా.

సరే, ఆ చిక్కుకి విరుగుడు మీ జేబులోనే ఉంది. మీ ఆండ్రాయిడ్ ఫోన్. కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లైనక్స్‌కి అది తీగ మీద వచ్చే నెట్‌వర్క్‌లా కనిపిస్తుంది, డ్రైవర్ ఏమీ అడగదు. డేటా అయిపోతుందని భయపడకండి. ఫోన్‌లో ఇంటి వైఫై ఆన్‌లో ఉంచి టెథరింగ్ పెడితే చాలా ఫోన్లు ఆ వైఫైనే కేబుల్ మీదుగా పంపిస్తాయి. ఒక్క జాగ్రత్త. కేబుల్! బండి మీద అమ్మే కేబుళ్ళలో ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేవి ఉంటాయి, వాటిలో డేటా తీగలే ఉండవు. టెథరింగ్ ఆప్షన్ బూడిద రంగులో ఉండి నొక్కుడు పడకపోతే ముందు కేబుల్ మార్చండి. ఆ తర్వాత మింట్‌లో డ్రైవర్ మేనేజర్ అని, ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ అని ఉంటుంది, తెరిస్తే అదే వెతికి చూపిస్తుంది. వేసుకోండి, రీస్టార్ట్ చేయండి.

మీ చిప్పు ఏదో ఎలా తెలుస్తుంది? టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీ, తెరిచి ఎల్ఎస్‌పీసీఐ అని టైప్ చేయాలి. ఇంగ్లిష్‌లో చిన్న అక్షరాలతో, మధ్యలో ఖాళీ లేకుండా. పక్కన ఒక ఖాళీ వదిలి, ఒక అడ్డగీత పెట్టి, ఎన్ ఎన్ కే (lspci -nnk). అప్పుడు ప్రతి చిప్పుకీ ఒక నంబర్ వస్తుంది. ఆ నంబర్లో మొదటి సగం కంపెనీది. 14ఈ4 కనిపిస్తే బ్రాడ్‌కామ్. 10ఈసీ అంటే రియల్‌టెక్. 10డీఈ అంటే ఎన్విడియా. 8086 అంటే ఇంటెల్. వాళ్ళ పాత ప్రాసెసర్ నంబరే కంపెనీ నంబర్‌గా పెట్టుకున్నారు, సరదా మనుషులు. ఆ నంబర్ పెట్టి వెతికితే సరైన జవాబు దొరుకుతుంది. "హెచ్‌పీ ల్యాప్‌టాప్ వైఫై రావట్లేదు" అని వెతికితే మాత్రం ఏమొస్తుంది? ఎవరిదో ల్యాప్‌టాప్‌కి, ఎవరిదో చిప్పుకి ఇచ్చిన మందు మీరు మింగుతారు.

పెట్టె మీద పేరు నమ్మకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. యూఎస్‌బీ వైఫై డాంగిల్స్‌లో టీపీ-లింక్ వాళ్ళది డబ్ల్యూఎన్722ఎన్ అని ఒకటి ఉంది, బాగా పేరున్నది. మొదటి వెర్షన్‌లో అథెరోస్ చిప్పు, లైనక్స్‌తో హాయిగా కలిసిపోతుంది. రెండో వెర్షన్ నుంచి లోపల రియల్‌టెక్ చిప్పు. పేరు అదే, నంబర్ అదే, పెట్టె మీద మూల చిన్నగా వీ2 అని ఉంటుంది, అంతే. మీరు ఎవరో రాసిన సలహా చదివి కొంటారు, ఇంటికొచ్చేది వేరే వస్తువు. ఇంకో రకం డాంగిల్స్ ఉన్నాయి, పెట్టగానే సీడీ డ్రైవ్‌లా కనిపిస్తాయి. లోపల విండోస్ డ్రైవర్ ఉంటుంది, అది వేశాకే వైఫైగా మారతాయి. లైనక్స్‌లో పెడితే సీడీ డ్రైవ్‌గానే ఉండిపోతాయి. పాడైందనుకుని పారేయకండి. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, దాన్ని నిద్ర లేపుతుంది.

మరీ చిత్రమైనది ఒకటి చెప్పి వైఫై వదిలేస్తాను. రియల్‌టెక్ 8723బీఈ అని ఒక చిప్పు. చాలా చౌక ల్యాప్‌టాప్‌లలో ఉంది. లైనక్స్ వేస్తే వైఫై వస్తుంది, కానీ రౌటర్ పక్కన కూర్చుంటేనే. పక్క గదిలోకి వెళితే పోతుంది. ఎందుకు? ఆ చిప్పుకి యాంటెన్నా తగిలించే చోట్లు రెండు ఉన్నాయి. కంపెనీవాళ్ళు పైసలు మిగుల్చుకోవడానికి ఒక్క యాంటెన్నానే తగిలించారు. డ్రైవర్ ఏమో ఖాళీగా ఉన్న రెండో చోట వింటూ కూర్చుంటుంది. విండోస్ డ్రైవర్‌కి ఆ రహస్యం చెప్పి పంపారు, లైనక్స్‌కి ఎవరూ చెప్పలేదు. యాంట్ సెల్ (ant_sel) అనే ఒక డ్రైవర్ ఆప్షన్‌ని 1 గానీ 2 గానీ పెడితే సిగ్నల్ నిండుగా వచ్చేస్తుంది. జనం రౌటర్లు మార్చేస్తారండీ దీనికి! ఒక్క లైను మార్పు.

ప్రింటర్

ఇప్పుడు ప్రింటర్. అసలు దెబ్బ ఇక్కడే. ఇక్కడ జిరాక్స్ షాపులవాళ్ళు, డీటీపీవాళ్ళు ఉన్నట్టున్నారు, కాస్త జాగ్రత్తగా వినండి.

మన ఊళ్ళలో ఏ షాపులో చూసినా కనిపించే ప్రింటర్ ఏది? కెనన్ ఎల్‌బీపీ2900. అవునా? రోజూ వందల కాగితాలు లాగుతుంది, టోనర్ నింపించుకుంటే చాలు, చావదు. యంత్రంగా దానికి వంక పెట్టలేం. కానీ అది సగం ప్రింటర్. మంచి ప్రింటర్‌కి "ఈ పేజీలో ఈ అక్షరాలు, ఇక్కడ ఈ బొమ్మ" అని చెబితే చాలు, పేజీ అదే తయారుచేసుకుంటుంది. ఈ రకం అలా కాదు. పెళ్ళికి వంటవాడిని మాట్లాడుకుంటే, వంటంతా మీరే వండి ఇవ్వండి, నేను వడ్డిస్తాను అన్నట్టు ఉంటుంది. పేజీని చుక్కలు చుక్కలుగా వండేది మీ కంప్యూటరే. ఆ చుక్కల్ని తీసుకుని కాగితం మీద పెట్టేదే ప్రింటర్. దాంతో మాట్లాడే భాష పేరు క్యాప్ట్, అది కెనన్ సొంతం. లైనక్స్‌కి కెనన్ ఒక డ్రైవర్ ఇచ్చింది, ఇవ్వలేదనను. కానీ దాన్ని 64 బిట్ సిస్టమ్‌లో నడపాలంటే పాత 32 బిట్ లైబ్రరీలు వెతికి పెట్టాలి, వెనకాల ఒక సర్వీస్ నడుస్తూ ఉండాలి, అది అలిగితే ప్రింట్ రాదు. వాలంటీర్లు సొంతంగా రాసిన డ్రైవర్ కూడా ఉంది, కొందరికి బాగానే నడుస్తోంది.

నా సలహా అడిగితే, ఆ ప్రింటర్ మీద మీ పొట్ట గడుస్తుంటే, దానికోసం ఒక విండోస్ మెషిన్ అలాగే ఉంచండి. ఇంటర్నెట్ పీకేసి ఉంచండి. లైనక్స్‌లో పని చేసుకుని, పీడీఎఫ్‌గా మార్చి, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి అక్కడ ప్రింట్ కొట్టండి. చూడ్డానికి బాగోదు, నిజమే. కానీ బయట కస్టమర్ నిలబడి ఉండగా టెర్మినల్‌లో కమాండ్లు కొట్టడం కంటే నయం కదా?

హెచ్‌పీ కథ వేరు. లేజర్‌జెట్ 1020, పీ1007, పీ1008... ఇవీ ఇంటింటా ఉన్నాయి. వీటిలో ఫర్మ్‌వేర్ దాచుకునే చోటే లేదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటర్ దానికి ఫర్మ్‌వేర్ పంపాలి, అప్పుడే దానికి తను ప్రింటర్ అని గుర్తొస్తుంది. విండోస్‌లో ఆ పని చప్పుడు లేకుండా జరిగిపోతుంది. లైనక్స్‌లో హెచ్‌పీ వాళ్ళ సాఫ్ట్‌వేర్ హెచ్‌పీలిప్ ఉంది, బాగా చేశారు, మెచ్చుకోవాలి. కానీ ఈ మోడళ్ళకి ప్లగిన్ అని ఒక మూట విడిగా దింపుకోవాలి. అది వేయకపోతే ఏమవుతుంది? ప్రింటర్ జాబితాలో కనిపిస్తుంది. ప్రింట్ ఇస్తే "పూర్తయింది" అంటుంది. కాగితం రాదు. ఇంకో తిరకాసు, హెచ్‌పీలిప్ వెర్షనూ ప్లగిన్ వెర్షనూ ఒకటే ఉండాలి. అప్‌డేట్ వచ్చింది, హెచ్‌పీలిప్ మారింది, ప్లగిన్ పాతదే ఉంది. నిన్నటిదాకా పనిచేసింది ఇవాళ చేయదు. అప్పుడు మళ్ళీ ప్లగిన్ వేసుకుంటే సరి. కరెంటు పోయి వచ్చాక ప్రింట్ రాకపోతే కంగారుపడకండి. ప్రింటర్ ఆపి, పది సెకన్లు ఆగి వేయండి, ఫర్మ్‌వేర్ మళ్ళీ వెళుతుంది.

ఎప్సన్ ఇంక్ ట్యాంకులు ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. వాటి డ్రైవర్ చాలా పంపిణీల్లో ముందే ఉంటుంది, తగిలిస్తే వచ్చేస్తుంది. ఒక్కటే లోటు, హెడ్ క్లీనింగ్ బటన్ విండోస్ సాఫ్ట్‌వేర్‌లో ఉండేది, అది కనిపించదు. ప్రింటర్ మీదే బటన్లు నొక్కిపట్టి చేసే పద్ధతి చాలా మోడళ్ళలో ఉంటుంది, మాన్యువల్ చూడండి. మాన్యువల్ పారేశారా? పారేసే ఉంటారు. కంపెనీ సైట్లో దొరుకుతుంది.

కొత్త ప్రింటర్ కొనేవాళ్ళకి ఒకే మాట. పెట్టె మీద ఎయిర్‌ప్రింట్, అంటే ఐఫోన్ నుంచి ప్రింట్ తీసే పద్ధతి, ఉందా చూడండి. ఐఫోన్ మీకు లేకపోయినా సరే చూడండి. ఎయిర్‌ప్రింట్ ఉందంటే ఆ ప్రింటర్ డ్రైవర్ లేకుండా, అందరికీ తెలిసిన భాషలో మాట్లాడగలదని అర్థం. లైనక్స్‌లో ప్రింటింగ్ నడిపేది కప్స్, మ్యాక్‌లో నడిపేదీ కప్స్. కాబట్టి ఐఫోన్ నుంచి ప్రింట్ తీయగలిగితే లైనక్స్ నుంచి కూడా దాదాపుగా తీయగలుగుతారు. స్కానర్ కూడా చాలా వరకు అలాగే వచ్చేస్తుంది.

ఇంకొన్ని, త్వరత్వరగా

గడియారం. విండోస్, లైనక్స్ రెండూ ఒకే మెషిన్‌లో పెట్టుకున్నవాళ్ళకి ఇది తప్పకుండా ఎదురవుతుంది. లైనక్స్‌లో పని చేసి, పొద్దున పదింటికి విండోస్‌లోకి వెళితే తెల్లవారుజాము నాలుగున్నర అని చూపిస్తుంది. తేడా ఎంత? సరిగ్గా ఐదున్నర గంటలు. మదర్‌బోర్డు మీది గడియారంలో ఉన్నది ఇండియా టైమ్ అని విండోస్ అనుకుంటుంది. లైనక్స్ అందులో గ్రీనిచ్ టైమ్ రాసిపెడుతుంది. ఇద్దరిలో తప్పెవరిదీ కాదు, మాట్లాడుకోలేదు, అంతే. అమెరికాలో ఉన్న మీ పిల్లలకైతే గడియారం వెనక్కి కాదు, ముందుకి పరిగెడుతుంది. ఒక్క కమాండ్‌తో పోతుంది. లైనక్స్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్టీసీ 1 (timedatectl set-local-rtc 1). బోర్డు మీద రాసి పెడతాను, వెళ్ళేటప్పుడు ఫోటో తీసుకోండి. అలా కాకుండా, కంప్యూటర్ ఆపి వేసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంటే అది వేరే సంగతి, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. తేదీ తప్పుగా ఉంటే బ్యాంకు సైట్లు కూడా తెరుచుకోవు, సర్టిఫికెట్ చెల్లదంటాయి. నాణెమంత బ్యాటరీ మార్చితే సరిపోయేదానికి ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి గొడవ పడేవాళ్ళు ఉన్నారు.

బ్లూటూత్ హెడ్‌సెట్ కూడా ఇలాగే. విండోస్‌లో జత చేస్తే లైనక్స్ మర్చిపోతుంది, లైనక్స్‌లో చేస్తే విండోస్ మర్చిపోతుంది. కంప్యూటర్ ఒకటే కాబట్టి హెడ్‌సెట్ ఒక్క తాళమే గుర్తుపెట్టుకుంటుంది. దానికి దారి ఉంది గానీ ఇక్కడ చెప్పేంత చిన్నది కాదు. రోజూ రెండు వైపులా తిరిగేవాళ్ళు తీగ ఉన్న హెడ్‌సెట్ కొనుక్కోండి, సుఖం.

సౌండ్. సెట్టింగ్స్‌లో డమ్మీ అవుట్‌పుట్ అని కనిపిస్తే డ్రైవర్ దొరకలేదని అర్థం. కొంచెం కొత్త కెర్నల్ (లైనక్స్ గుండెకాయ, డ్రైవర్లు ఎక్కువగా ఉండేది అందులోనే) ఉన్న వెర్షన్ వేస్తే చాలాసార్లు పోతుంది. అది కాకుండా మామూలుగా సౌండ్ రావట్లేదంటే, హెచ్‌డీఎమ్ఐ మానిటర్‌కి పంపిస్తోందేమో చూడండి. స్పీకర్లు లేని మానిటర్‌కి పాట పంపితే ఎవరికి వినిపిస్తుంది?

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కే కనిపించట్లేదు అంటే, బయాస్‌లో స్టోరేజ్ ఇంటెల్ ఆర్ఎస్‌టీ లేదా రెయిడ్ అని ఉంటుంది. దాన్ని ఏహెచ్‌సీఐ చేయాలి. ఆగండి, ఆగండి, రాసుకోవడం ఆపి వినండి. విండోస్ కూడా ఉంచుకునేవాళ్ళు ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లోకి వెళ్ళేలా పెట్టి, ఆ తర్వాతే బయాస్‌లో మార్చాలి. లేకపోతే విండోస్ నీలం తెర చూపిస్తుంది. అంతకంటే ముందు, డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి. మీరు ఆన్ చేయకపోయినా కొన్ని ల్యాప్‌టాప్‌లలో దానంతటదే ఆన్ అయి ఉంటుంది. బయాస్‌లో ఏదో ఒకటి కదిపారు, 48 అంకెల రికవరీ కీ అడిగింది. ఎక్కడుంది? మైక్రోసాఫ్ట్ ఖాతాలో. ఆ ఖాతా ఎవరి పేరు మీద ఉంది? ల్యాప్‌టాప్ కొన్న రోజు షాపు కుర్రాడు చేసిచ్చాడు. పాస్‌వర్డ్? అదీ వాడికే తెలుసు! నవ్వకండి, మీ ఇంటికెళ్ళి చూసుకోండి. ఫోటోలు ముందు బయట డిస్క్‌లోకి కాపీ చేశాకే మిగతాదేదైనా.

ఎన్విడియా కార్డు ఉన్నవాళ్ళకి ఒక్క సంగతి. డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్ అయ్యాక నీలం తెర మీద మోక్ మేనేజ్‌మెంట్ అని అడుగుతుంది. భయపడి మామూలుగా బూట్ చేయి అని నొక్కేస్తారు. నొక్కకూడదు. ఎన్‌రోల్ అని ఎంచుకుని, ఇందాకటి పాస్‌వర్డ్ ఇవ్వాలి. సెక్యూర్ బూట్‌కి "ఈ డ్రైవర్ నాదే" అని చెప్పడం అన్నమాట. అది చేయకపోతే డ్రైవర్ వేసినా వేయనట్టే. లైనక్స్‌ని రాసిన లైనస్ టోర్వాల్డ్స్ 2012లో ఫిన్లాండ్‌లో ఒక యూనివర్సిటీలో ఇదే కంపెనీ మీద కోపంతో కెమెరాకి మధ్యవేలు చూపించాడు. 2022లో వాళ్ళు కొత్త కార్డులకి కెర్నల్ డ్రైవర్ సోర్సు బయటపెట్టారు. పదేళ్ళు పట్టింది. పాత కార్డులున్నవాళ్ళకి దాని వల్ల ఒరిగిందేమీ లేదు.

మారకూడనివాళ్ళు ఎవరు? ట్యాలీ మీద లెక్కలు రాసేవాళ్ళు, అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పత్రికలు, పెళ్ళి కార్డులు చేసేవాళ్ళు, ఆధార్ వేలిముద్ర మెషిన్‌తో పని చేసేవాళ్ళు, ఉన్న విండోస్‌లోనే ఉండండి. వేలిముద్ర మెషిన్‌కి ఆర్‌డీ సర్వీస్, అంటే వేలిముద్రని భద్రంగా పంపించే ప్రోగ్రామ్, కావాలి, మన దగ్గర నడిచేవి ఎక్కువగా విండోస్ మీద, ఆండ్రాయిడ్ మీదే. డిజిటల్ సంతకం టోకెన్ల మీద జీఎస్టీ, టెండర్లు వేసేవాళ్ళు కూడా. కొన్ని టోకెన్లకి లైనక్స్ డ్రైవర్లు ఉన్నాయి, కాదనను. గడువు తేదీ రాత్రి పదకొండింటికి మాత్రం ఆ ప్రయోగం చేయకండి.

మిగతావాళ్ళు, అంటే సినిమా చూసేవాళ్ళు, ఉత్తరాలు రాసేవాళ్ళు, పిల్లల ప్రాజెక్టులు, బ్యాంకు పనులు, ముందు ఇన్‌స్టాల్ చేయకుండా చూడండి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మింట్ ఎక్కించి, దాని నుంచే బూట్ చేయండి. డిస్క్‌ని అది ముట్టుకోదు. ఒక సాయంత్రం అలాగే వాడండి. వైఫై రౌటర్ పక్కన కాదు, మీరు రోజూ కూర్చునే చోట చూడండి. ప్రింట్ తీయండి. మీ సొంత ఇయర్‌ఫోన్ పెట్టి పాట వినండి. వీడియో కాల్ చేయండి. బ్రైట్‌నెస్ బటన్లు నొక్కండి. మూత వేసి, టీ తాగొచ్చి తెరవండి. వీటిలో ఏది కుదరలేదో అది రాసుకుని, పక్కన చిప్పు నంబర్ కూడా రాసుకుని రండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ప్రశ్నలు ఏమైనా ఉన్నాయా?

ఆ... వెనకాల పెద్దాయన అడుగుతున్నారు, "2 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్‌కి వేయొచ్చా" అని. ముందు ప్రాసెసర్ 64 బిట్టో కాదో చూడాలండీ. కోర్ 2 డుయో అయినా 64 బిట్టే, పర్వాలేదు. 32 బిట్ అయితే దారులు మూసుకుపోతున్నాయి. ఎప్పటినుంచో పట్టుకుని ఉన్న డెబియన్ కూడా 2025 ఆగస్టులో వచ్చిన 13 నుంచి దానికి ఇన్‌స్టాలర్ ఆపేసింది. 64 బిట్ అయితే లైనక్స్ కంటే ముందు ఒక ఎస్ఎస్‌డీ, ఇంకో 2 జీబీ ర్యామ్ వేయించండి. మీకు వేగం తెలిసేది దాంతోనే. పాత హార్డ్‌డిస్క్ మీద ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేసినా నత్తే.

అమ్మా, మీరు... వేలిముద్రతో లాగిన్ అవ్వడం. అది చాలా ల్యాప్‌టాప్‌లలో రాదమ్మా. సెన్సర్ కంపెనీలు వివరాలు ఇవ్వవు. ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb) కమాండ్ కొడితే సెన్సర్ నంబర్ వస్తుంది, లిబ్‌ఎఫ్‌ప్రింట్ (libfprint) అనే ప్రాజెక్ట్ జాబితాలో ఆ నంబర్ ఉంటే వస్తుంది, లేకపోతే పాస్‌వర్డ్ టైప్ చేసుకోవడమే.

ఇంకెవరైనా? లేదా? సరే, ల్యాప్‌టాప్‌లు తెచ్చుకున్నవాళ్ళు ఆ కిటికీ పక్క బల్ల దగ్గరికి రండి, మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌లు ఉన్నాయి, ఇక్కడే బూట్ చేసి చూద్దాం. ఛార్జర్లు తెచ్చారు కదా? ప్లగ్ పాయింట్లు రెండే ఉన్నాయి, బ్యాటరీ లేనివాళ్ళు ముందు రండి.